కోడి రామమూర్తి వదిలిన బడి కొలువు

(బీదర్‌లో ఇచ్చిన కోడి రామమూర్తి స్మారకోపన్యాసానికి అచ్చుప్రతి)



కోడి రామమూర్తి నాయుడుగారి పేరు వినగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేవి ఏనుగు, మోటారు కార్లు, ఇనుప గొలుసు. ఛాతీ మీద ఏనుగును నిలుపుకున్నారు. రెండు పక్కలా రెండు కార్లను గొలుసులతో పట్టుకుని అంగుళం కదలనివ్వలేదు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపారు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. ఇంగ్లండులో ఐదో జార్జి దంపతుల ఎదుట ప్రదర్శన ఇచ్చారు. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం ఉంది. ఆ ఘనకార్యాలను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కాని ఇవాళ నేను మాట్లాడదలచింది వాటికి ముందు ఆయన కొద్దికాలం చేసి వదిలేసిన ఒక ఉద్యోగం గురించి. విజయనగరంలో, తాను చదువుకున్న బళ్ళోనే, ఆయన వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశారు. మన ప్రాంతాల్లో కుస్తీ చరిత్ర ఆ ఉద్యోగంలో ఉందనీ, ఆ కుర్చీ ఖాళీ అయ్యాక దాన్ని మళ్ళీ నింపకపోవడమే మన లోటనీ నా వాదన.

రామమూర్తి 1880ల తొలి సగంలో వీరఘట్టంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి వెంకన్న నాయుడు కొడుకును విజయనగరంలో పోలీసు ఉద్యోగం చేస్తున్న తమ్ముడి దగ్గరికి పంపారు. అక్కడి వ్యాయామశాలలో దండీలు, బస్కీలు, సాము, కుస్తీ అలవడ్డాయి. ఆ తరం పహిల్వాన్లలో చాలామంది కథ ఇంతవరకూ ఇలాగే ఉంటుంది. ఇక్కడి నుంచి ఆయన దారి వేరైంది. మద్రాసు వెళ్ళి సైదాపేటలో వ్యాయామ శిక్షణలో పరీక్ష పాసై, పత్రం చేతపట్టుకుని తిరిగొచ్చి ఉపాధ్యాయుడయ్యారు. ఆ రోజుల్లో ఇది ఎంత అరుదో ఆలోచించాలి. అప్పటికి మన దేశంలో దేహశిక్షణ రెండు గదుల్లో విడివిడిగా ఉండేది. ఒక గదిలో గరిడీ, అందులో వస్తాదు. ఆయనకు పట్లన్నీ తెలుసు, బడితో పరిచయం తక్కువ. రెండో గదిలో హైస్కూలు, అందులో డ్రిల్లు మాస్టారు. ఆయనకు దండు కవాతు తెలుసు, మట్టిలోకి దిగి పిల్లవాడికి పట్టు చెప్పడం తెలియదు. రామమూర్తి ఈ రెండూ తెలిసిన మనిషి. మద్రాసులో హ్యారీ క్రో బక్ వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను పెట్టింది 1920లో. హైదరాబాద్ దోమలగూడలో సర్కారు వ్యాయామ విద్యా కళాశాల వచ్చింది 1931లో. వాటికంటే ఎంతో ముందే మన హైస్కూలు గుమ్మంలో గరిడీ తెలిసిన ఒక శిక్షితుడు నిలబడ్డాడు.

ఆయన అక్కడ ఎక్కువకాలం నిలవలేదు. ఉద్యోగం వదిలి సర్కస్ కంపెనీ పెట్టారు, దేశం తిరిగారు, సముద్రాలు దాటారు, డబ్బు గడించారు, ఆ డబ్బును ధారాళంగా దానం చేశారు. చివరి రోజుల్లో కాలు తీసేయవలసి వచ్చింది. 1942లో ఒరిస్సాలో కన్నుమూశారు. ఆయన సర్కస్ ఆయనతోనే ఆగిపోయింది. ఆయన బిరుదులు మిగిలాయి కాని, ఫలానా పట్టు నేర్పే పద్ధతి రామమూర్తిగారిదని చెప్పుకునే శిష్య పరంపర మిగల్లేదు. ఇది ఆయన తప్పు కాదు. ఒక వ్యాయామోపాధ్యాయుడికి బడి ఏమిచ్చింది? ఎదిగే మెట్టు లేదు, పోటీలు లేవు, లెక్కల మాస్టారికున్న గౌరవం లేదు. అంతటి మనిషిని నిలుపుకునే చోటు బళ్ళో లేకపోవడం వల్లే ఆయన గుడారంలోకి వెళ్ళారు. అక్కడ ఆయన బలానికి విలువ దొరికింది, ఆయన విద్యకు దొరకలేదు.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనదే. రామమూర్తి బళ్ళోనే ఉండిపోయి ఉంటే మహా అయితే కొన్ని వందలమంది పిల్లలకు నేర్పేవారు. సర్కస్‌లోకి వెళ్ళడం వల్ల లక్షలమంది చూశారు, ఊరూరా కుర్రవాళ్ళు కండలు పెంచారు, వ్యాయామశాలలు వెలిశాయి, పరాయి పాలనలో తలవంచుకున్న జాతికి వెన్ను నిలబడింది. అదే కాలంలో ఐరోపాలో బలప్రదర్శకుడు యూజీన్ శాండో చేసిందీ ఇదే కదా అంటారు. అది నిజమే. ప్రదర్శన ఉత్సాహాన్ని పుట్టిస్తుంది. కాని పుట్టిన ఉత్సాహం మర్నాడు పొద్దున ఎక్కడికి వెళ్ళాలి? ఏనుగును చూసిన కుర్రవాడు ఇంటికి వెళ్ళి ఏనుగును ఎత్తలేడు. వాడికి కావలసింది మెడ ఎలా గట్టిపరచుకోవాలో, కిందపడేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టకూడదో, ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో చెప్పే మనిషి. ఆ మనిషి రోజూ అదే వేళకు అదే చోట ఉండాలి. రామమూర్తి రగిలించిన ఉత్సాహం ఆంధ్రదేశంలో పెద్దదే. దాన్ని అందుకునే మాస్టార్లు బళ్ళలో లేరు. అందుకే అది ఒక తరంలో చల్లారింది.

ఇలాంటి మాస్టారు ఉంటే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఆయన పుట్టిన ప్రాంతాన్నే చూడవచ్చు. శ్రీకాకుళం పక్కన ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న అనే కోచ్ ఊళ్ళోనే ఉండి ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పారు. అక్కడ మొదలైన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ ఆమె. రామమూర్తి నేల బలానికి పెట్టింది పేరు అని మనం అనుకుంటాం. నేల పాత్ర ఎంతో నాకు తెలియదు కాని, అప్పన్నగారి పాత్ర ఎంతో కళ్ళకు కనిపిస్తోంది.

ఈ మాట చెప్పడానికి బీదర్‌కంటే తగిన ఊరు నాకు తోచలేదు. ఇది బోధనను నమ్ముకున్న ఊరు. 1472లో మహమూద్ గవాన్ ఇక్కడ కట్టించిన మదర్సా గోడల మీద పింగాణీ పలకలు ఇంకా మెరుస్తున్నాయి. ఇవాళ కూడా ఇక్కడి వైమానిక స్థావరంలో యువ పైలట్లు యుద్ధవిమానం నడపడం నేర్చుకుని వెళుతున్నారు. ఇక కుస్తీ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ చుట్టుపక్కల జాతరల్లో, ఇటు కన్నడ ఊళ్ళలోనూ అటు జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు తెలుగు ఊళ్ళలోనూ, కుస్తీ లేని చివరి రోజు ఉండదు. చిన్నపిల్లల కొబ్బరికాయ కుస్తీతో మొదలై, వెండి కడియం కుస్తీతో ముగుస్తుంది. మట్టి ఉంది, జనం ఉన్నారు, డప్పు ఉంది. అయినా ఈ జిల్లా నుంచి అంతర్జాతీయ మ్యాట్ మీదికి వెళ్ళినవాడి పేరు చెప్పమంటే తడుముకుంటాం. ఒక పేరు మాత్రం ఉంది. ఆ పేరును మనం మనదిగా లెక్కపెట్టం.

1956 నవంబరు 1కి ముందు బీదర్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది, ఇప్పటికంటే చాలా పెద్దది. రాష్ట్రాల పునర్విభజనలో అది మూడు ముక్కలైంది. బీదర్, భాల్కి, హుమ్నాబాద్ వైపు మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళాయి. నారాయణఖేడ్, చాలా మటుకు జహీరాబాద్, న్యాల్‌కల్ ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. ఉద్గీర్, అహ్మద్‌పూర్, నిలంగా తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయి, తర్వాత మహారాష్ట్రలో లాతూర్ జిల్లాలో భాగమయ్యాయి. ఆ నిలంగా తాలూకాలో, రామలింగ్ ముద్గడ్ అనే ఊళ్ళో, 1950లో హరిశ్చంద్ర బిరాజ్‌దార్ పుట్టాడు. అంటే పుట్టిన నాటికి ఆయన బీదర్ జిల్లావాడు. 1969లో మహారాష్ట్ర కేసరి అయ్యాడు. 1970 ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. రుస్తుం-ఎ-హింద్ బిరుదు పొందాడు. ఇంతవరకూ ఇది ఒక మల్లుడి కథ. నన్ను ఎక్కువగా ఆకర్షించేది తర్వాతి భాగం. కుస్తీ విరమించాక ఆయన పుణేలో గోకుల్ వస్తాద్ తాలీం అనే కుస్తీశాలలో గురువుగా స్థిరపడ్డాడు, 2011లో పోయేదాకా పిల్లల్ని తయారుచేస్తూనే ఉన్నాడు. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 57 కిలోల స్వర్ణం గెలిచిన రాహుల్ ఆవారే ఆ పతకాన్ని ఈ గురువుకే అంకితమిచ్చాడు. మరుసటి ఏడు అతను ప్రపంచ పోటీల్లో కాంస్యం కూడా తెచ్చాడు. రామమూర్తి దగ్గర తెగిపోయిన దారం బిరాజ్‌దార్ దగ్గర తెగలేదు. ఒకరు ప్రదర్శనకు వెళ్ళారు, ఒకరు బోధనకు వచ్చారు.

ఒక్క మనిషి ఉదాహరణతో మూడు రాష్ట్రాల చరిత్ర తేల్చేస్తారా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1956లో గీత ఎటు గీసినా బిరాజ్‌దార్ కొల్హాపూర్ తాలీంకు వెళ్ళి ఉండేవాడేమో. నా వాదనకు కూడా సరిగ్గా అదే ఆధారం. ఇక్కడి పిల్లవాడు ఎక్కడికో వెళ్ళవలసి రావడమే ఇక్కడ చోటు లేదనడానికి సాక్ష్యం. కొల్హాపూర్‌లో ఆ చోటు ఎందుకు ఉంది? అక్కడి మట్టి ఎర్రగా ఉండడం వల్ల కాదు. 1894 నుంచి 1922 దాకా పాలించిన శాహూ మహారాజు తాలీంలను పోషించి, 1912లో ఖాస్‌బాగ్ మైదానం కట్టించాడు. ఆయన తర్వాత కూడా విద్యాసంస్థలు ఆ పని వదల్లేదు. కె.డి. జాదవ్ చరిత్ర చూడండి. కరాడ్ దగ్గర గోళేశ్వర్‌లో పహిల్వాన్ తండ్రికి పుట్టిన ఆ కుర్రవాడు కరాడ్ తిలక్ హైస్కూల్లో చదివాడు, తర్వాత కొల్హాపూర్ రాజారామ్ కళాశాలకు వెళ్ళాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆరో స్థానం. అప్పటిదాకా మట్టి మీద కుస్తీ పట్టినవాడు మ్యాట్ మీద ఎలా మెలగాలో అక్కడ సరిగా తెలుసుకున్నాడు. 1952 హెల్సింకీకి పంపడానికి డబ్బు చాలనప్పుడు కళాశాల ప్రిన్సిపల్ ఖర్డేకర్ తన ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు ఇచ్చారు. స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం అలా వచ్చింది. తాలీం, హైస్కూలు, కళాశాల మూడూ ఒక పిల్లవాడి వెనక వరసగా నిలబడ్డాయి. ఒక ప్రిన్సిపల్ తన విద్యార్థి కుస్తీ కోసం ఇల్లు పణం పెట్టాడంటే, ఆ కళాశాలలో కుస్తీ చదువుతో సమానమైన విద్యగా నిలిచిందన్నమాట.

హైదరాబాద్ రాష్ట్రంలో ఇలాంటిది సాధ్యం కాదా అంటే, అయింది. కుస్తీలో కాదు, ఫుట్‌బాల్‌లో. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా పట్టభద్రుడు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పాఠాలు చెప్పిన మామూలు బడిపంతులు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బళ్ళో ఆటల బాధ్యత తీసుకున్నాడు. ఆ బడిపంతులు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన నడిపిన భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అంత స్థాయి మనం మళ్ళీ చూడలేదు. అదే రాష్ట్రంలో, అవే సంవత్సరాల్లో, పాతబస్తీలోనూ బార్కస్‌లోనూ తాలీంఖానాలు కిటకిటలాడేవి, పేరుమోసిన పహిల్వాన్లు ఉండేవారు. అయినా కుస్తీకి ఒక రహీం దొరకలేదు. ఫుట్‌బాల్ బళ్ళోకి వచ్చింది, కుస్తీ గల్లీలోనే ఉండిపోయింది. ఈ రెండు ఆటల తలరాతలు వేరవడానికి ఇంతకంటే సూటి కారణం నాకు కనిపించలేదు.

కుస్తీకే బడి ఎందుకంత అవసరమో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మన క్రీడాధికారులు కూడా తరచుగా పట్టించుకోరు. పరుగు నేర్చుకునేవాడికి దారి చాలు. బరువులెత్తేవాడికి ఇనుము చాలు. కుస్తీ నేర్చుకునేవాడికి జోడు కావాలి, తన వయసువాడు, తన బరువువాడు, ఇంచుమించు తనంత తెలిసినవాడు. ఊరి తాలీంలో పది పన్నెండుమంది ఉంటే, వాళ్ళలో పదకొండేళ్ళవాడూ ఉంటాడు, ముప్ఫయ్యేళ్ళవాడూ ఉంటాడు. చిన్నవాడు రోజూ తనకంటే బరువైనవాడి కింద నలుగుతాడు. వాడు నేర్చుకునేది తప్పించుకోవడం మాత్రమే. పెద్దవాడు తేలికగా గెలుస్తాడు కాబట్టి కొత్త పట్టు వెతుక్కోడు. ఇద్దరూ ఎదగరు. నాలుగు వందలమంది పిల్లలున్న ఒక హైస్కూల్లో ముప్ఫయి అయిదు కిలోల పిల్లలు పదిమంది దొరుకుతారు, నలభై కిలోలవాళ్ళు ఇంకో పదిమంది. వారం వారం జోళ్ళు మార్చవచ్చు. పైగా కుస్తీ మెలకువలు ఒంట్లో ఇంకే వయసు పదకొండు పన్నెండు నుంచి పదిహేను. ఆ వయసు పిల్లలందరూ రోజూ ఒకే చోట చేరేది బళ్ళోనే. కలాజంగ్, ధోబీ పఛాడ్ వంటి పట్లు పుస్తకంలో బొమ్మ చూసి రావు. తగిన జోడు మీద వందసార్లు వేసి, వందసార్లు వేయించుకుంటే వస్తాయి.

బడిని నమ్ముకుంటే ఎంత దూరం వెళ్ళవచ్చో చూపించే దేశం అమెరికా. అక్కడ ఇవాళ రెండున్నర లక్షలకు పైగా హైస్కూలు కుర్రవాళ్ళు బడి జట్ల తరఫున కుస్తీ పడుతున్నారు. అయోవా రాష్ట్రంలో వాటర్లూ పట్నంలో బాబ్ సిడెన్స్ అనే హైస్కూలు కోచ్ ఉండేవాడు. ఆయన జట్లు 11సార్లు రాష్ట్ర టైటిల్ గెలిచాయి. ఆయన దగ్గర చదివిన డాన్ గేబుల్ బళ్ళో ఆడిన 64 కుస్తీల్లోనూ ఓడలేదు, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ప్రత్యర్థికి ఒక్క పాయింటు ఇవ్వకుండా స్వర్ణం తీసుకున్నాడు, ఆపైన అయోవా విశ్వవిద్యాలయ కోచ్‌గా జట్టును 15సార్లు జాతీయ విజేతను చేశాడు. గేబుల్ పేరు ప్రపంచానికి తెలుసు. నేను గౌరవించేది సిడెన్స్‌ను కూడా. హైస్కూలు కోచ్ పని అక్కడ ఒక పూర్తి జీవితవృత్తి. దాన్ని ఇంకేదో కొలువుకు మెట్టుగా చూడరు. రామమూర్తికి విజయనగరంలో దొరకనిది ఆ హోదాయే.

కుస్తీ బళ్ళోకొస్తే తాలీం ఆత్మ పోతుందని బాధపడే పెద్దలున్నారు. పొద్దున నాలుగింటికి లేవడం, మట్టిని తవ్వి నూనె, పసుపు కలపడం, గురువు కాళ్ళకు దణ్ణం పెట్టడం, తిండిలో నియమం, వీటిని గంట కొట్టే బడి ఇవ్వగలదా? గురు హనుమాన్ ఢిల్లీలో తన వ్యాయామశాలలోనే పిల్లల్ని ఉంచుకుని సత్పాల్, కర్తార్ సింగ్‌ల వంటివాళ్ళను తయారుచేశాడు కదా అంటారు. ఆ పరంపర గొప్పది. సత్పాల్ ఛత్రసాల్ స్టేడియంలో గురువై, సుశీల్ కుమార్‌ను ఒలింపిక్స్‌లో 2008లో కాంస్యానికీ 2012లో రజతానికీ తీసుకెళ్ళాడు. నేను తాలీంను తీసేయమనడం లేదు. కాని గురు హనుమాన్ దగ్గరికి చేరేవాడు అప్పటికే కుస్తీ అంటే ఏమిటో తెలిసినవాడు, ఇంట్లో పాలకూ బాదంపప్పుకూ ఖర్చుపెట్టగలవాడు, లేదా ఎవరో పెద్దమనిషి కంట్లో పడినవాడు. భాల్కి పక్కన ఒక కూలిమనిషి కొడుకు అక్కడిదాకా ఎలా చేరతాడు? కర్ణాటకలో దావణగెరె క్రీడా వసతిగృహం కుస్తీకి మంచి పేరు తెచ్చుకుంది. బాగల్‌కోట్ వైపు నుంచి వచ్చిన అర్జున్ హలకుర్కి 2020లో ఆసియా గ్రీకో-రోమన్ పోటీల్లో కాంస్యం గెలిచాడు. బెళగావి, బాగల్‌కోట్, ధార్వాడ వైపు పిల్లలు అలా పైకి వస్తున్నారు, బీదర్, కలబురగి వైపు పిల్లలు రావడం లేదు. వసతిగృహం ఏరుకుంటుంది. ఏరుకోవడానికి పిల్లలు కనిపించాలి. కనిపించేలా చేసే పని హైస్కూలు మాస్టారిది.

ఒక కఠినమైన సంగతిని కూడా దాటవేయకూడదు. మన ప్రాంతంలో వ్యాయామశాలకు రాజకీయ చరిత్ర ఉంది. నిజాం పాలనలో అఖాడాలు పెట్టుకునే హక్కు కోసం పోరాటాలు జరిగాయి. 1938-39లో ఆర్యసమాజ్ సత్యాగ్రహం కోరికల్లో అదీ ఒకటి. ఆ హక్కు న్యాయమైనదే. కాని క్రమంగా ఒక మతం పిల్లలకు ఒక అఖాడా, ఇంకో మతం పిల్లలకు ఇంకో తాలీంఖానా అన్నట్టయింది. ఇక కులం గోడలు వాటి లోపల ఉండనే ఉన్నాయి. 1948లో హైదరాబాద్ మీద పోలీసు చర్య వేళ ఈ జిల్లా చూసిన హింసను కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం నమోదు చేసింది. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. వ్యాయామశాలల వల్ల ఆ హింస జరిగిందని నేను అనడం లేదు. అయితే పిల్లల ఒంటి బలాన్ని వాళ్ళ వాళ్ళ గుంపుల చేతికి వదిలేయడం మంచిది కాదని ఈ ఊరికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కుస్తీలో ఎదుటివాడి చెమట మన ఒంటికి అంటుతుంది, వాడి మెడ మన చేతిలో ఉంటుంది, వాణ్ణి పడెయ్యాలి కాని గాయపరచకూడదు. ఇంత దగ్గరితనాన్ని అన్ని ఇళ్ళ పిల్లల మధ్య కల్పించగల చోటు ప్రభుత్వ పాఠశాల ఒక్కటే.

తల్లిదండ్రుల భయం వేరు. దెబ్బలు తగులుతాయి, చదువు పోతుంది, చివరికి అన్నం పెట్టదు. మూడింటిలోనూ నిజం ఉంది. దెబ్బల కంటే ప్రమాదం బరువు తగ్గించుకోవడంలో ఉంది. కింది తరగతిలో ఆడించాలని నీళ్ళు మాన్పించి, చెమటలు కక్కించి, పిల్లల్ని ఎండగట్టే అలవాటు ప్రపంచమంతా ఉంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లులు దానివల్లే చనిపోయారు. ఆ తర్వాత వాళ్ళు నిబంధనలు మార్చారు. 2006 నుంచి హైస్కూలు పిల్లలకు ఒంట్లో నీటిశాతం పరీక్షించి, కొవ్వు అబ్బాయిల్లో ఏడు శాతానికీ అమ్మాయిల్లో పన్నెండు శాతానికీ తగ్గే బరువుకు దిగనివ్వడం లేదు. బడి పర్యవేక్షణ ఉన్నచోటే ఇలాంటి కట్టడి సాధ్యం. జాతర మైదానంలో పిల్లవాడి బరువు ఎవరూ చూడరు. ఉద్యోగాల సంగతికొస్తే, పోలీసులో, రైల్వేలో, సైన్యంలో క్రీడాకారులకు కొన్ని చోట్లున్న మాట వాస్తవం. దాన్ని ఆశగా చూపించి పిల్లల్ని పిలవడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఒలింపిక్ పతకం తెచ్చిన జాదవ్‌కు 1955లో పోలీసు ఎస్సై ఉద్యోగం దొరికింది. 1984లో రోడ్డు ప్రమాదంలో పోయేదాకా ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కలేదు. అర్జున అవార్డు 2001లో, పోయిన పదిహేడేళ్ళకు వచ్చింది. కుస్తీ నేర్చిన పిల్లల్లో వందకు తొంభై తొమ్మిదిమంది పతకం తేరు, క్రీడాకారుల కోటాలో ఉద్యోగం పొందరు. వాళ్ళకు కూడా కుస్తీ నేర్చిన ఏళ్ళు వృథా కాకూడదు. అందుకే దీన్ని చదువులో భాగంగా అడుగుతున్నాను.

అడిగేదేమిటో కూడా స్పష్టంగా చెప్పాలి. శిక్షకుల కొరత అనే మాట ఇప్పుడు చెల్లదు. పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి కోచ్‌లను తయారుచేస్తోంది, కుస్తీలో డిప్లొమా ఇస్తోంది. 1954లో ఏర్పడిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో కుస్తీ ఉంది. 2018లో ఢిల్లీలో జరిగిన మొదటి ఖేలో ఇండియా పాఠశాల క్రీడల్లోనూ ఉంది. అంటే పోటీ పైన సిద్ధంగా ఉంది, శిక్షకుడు బయట సిద్ధంగా ఉన్నాడు, మధ్యలో హైస్కూల్లో కుర్చీ లేదు. ఉన్న ఒక్క వ్యాయామోపాధ్యాయుడికి ప్రార్థన దగ్గర నుంచి ఆగస్టు పదిహేను ఏర్పాట్ల దాకా అన్నీ అంటగట్టి, కుస్తీ కూడా నువ్వే చెప్పు అంటే అది జరిగే పని కాదు. ఈ జిల్లా ఉన్న కల్యాణ కర్ణాటకకు రాజ్యాంగంలో 371-జె అధికరణం ఉంది, దాని కింద అభివృద్ధి మండలి ఉంది, నిధులున్నాయి. ఆ నిధులతో స్టేడియం గోడ కట్టడం తేలిక, ఫలకం మీద పేరు చెక్కించుకోవచ్చు. దానికి బదులు తాలూకాకు ఒక హైస్కూలు ఎంచి, పన్నెండు మీటర్ల మ్యాట్ ఒకటి పరిచి, కుస్తీ డిప్లొమా ఉన్న ఉపాధ్యాయుణ్ణి పూర్తికాలం, పదేళ్ళు బదిలీ లేకుండా వేయాలి. పదేళ్ళు ఎందుకంటే, అయిదో తరగతిలో చేరిన పిల్లవాడు బడి వదిలే వేళకు అదే గురువు ఉండాలి, ఆ పిల్లవాడి తమ్ముడికీ అదే గురువు దొరకాలి. తెలంగాణ వైపు జహీరాబాద్, నారాయణఖేడ్‌లలో కూడా ఇదే పని మొదలైతే, పాత బీదర్ జిల్లా ముక్కల మధ్య పోటీలు పెట్టుకోవడానికి రాష్ట్రాల సరిహద్దు అడ్డం రానక్కర్లేదు. ఉద్గీర్, నిలంగా పిల్లలు కూడా వస్తారు. మన పిల్లలకు అంతకంటే మంచి జోళ్ళు దొరకరు.

ఆడపిల్లల సంగతి చివరికి ఉంచడం నాకు నచ్చలేదు కాని వాదన క్రమం అలా కుదిరింది. ఒలింపిక్స్‌లో మహిళల కుస్తీ 2004లో మొదలైంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో గీతా ఫోగాట్ స్వర్ణం, 2016 రియోలో సాక్షి మలిక్ కాంస్యం తెచ్చాక హర్యానా పల్లెల్లో ఆడపిల్లలు మ్యాట్ ఎక్కడం మామూలు విషయమైంది. సాక్షి నేర్చుకున్నది రోహ్‌తక్‌లో, ఈశ్వర్ దహియా దగ్గర. ఆడపిల్లలకు నేర్పుతున్నందుకు ఆయన ఊరివాళ్ళ మాటలు పడవలసి వచ్చింది. మన జాతర మైదానంలో ఆడపిల్లకు చోటు లేదు, తాలీంఖానాలోనూ లేదు, త్వరలో వస్తుందన్న సూచనా కనిపించదు. బళ్ళో మాత్రం ఆమె ఇప్పటికే ఉంది, హాజరుపట్టీలో పేరుంది, పొద్దున అమ్మానాన్నలే పంపుతున్నారు. అందుకని నేను అడిగే కొలువుల్లో సగం మహిళా శిక్షకులకు కేటాయించాలి, మ్యాట్ ఉన్న గదికి తలుపు, పక్కనే నీళ్ళున్న స్నానాలగది ఉండాలి, సాధన వేళ బడి వేళలోనే ఉండాలి, చీకటి పడ్డాక కాదు. హుమ్నాబాద్‌లోనో బసవకల్యాణ్‌లోనో ఒక్క హైస్కూల్లో వచ్చే జూన్‌లో ఈ పని మొదలుపెడితే, మొదటి ఏడాది పోటీల మాట ఎత్తకుండా, ఆరో తరగతి పిల్లలకూ ఏడో తరగతి పిల్లలకూ పడటం, లేవటం, మెడ కాచుకోవటం నేర్పితే చాలు.